మనోవికాస్ నగర్ సంస్థ ఎందుకు పుట్టింది, మీ బాబుకి అక్కడ ఏం దొరుకుతుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: బాబుకి నాలుగేళ్లు నిండాయి, మాటలు ఇంకా రాలేదు, తన పనులు తాను చేసుకోవడం లేదు. పిల్లల డాక్టరు సికింద్రాబాద్ బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఉన్న సంస్థకి తీసుకెళ్లమన్నారు. ఇంట్లో పెద్దవాళ్లేమో "అది పిచ్చాసుపత్రి లాంటిది, బిడ్డని అక్కడ వదిలేసి రావాలట" అంటున్నారు. అసలు ఆ సంస్థని ఎప్పుడు, ఎందుకు పెట్టారు, అంతకుముందు ఇలాంటి పిల్లలకి మన దగ్గర ఏముండేది, ఇప్పుడు వెళ్తే ఏం లాభం అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. తప్పకుండా వెళ్లండి. అది పిల్లల్ని ఉంచుకునే చోటు కాదు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకి నేర్పేవాళ్లని తయారు చేయడానికి 1984లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ (పాత పేరు ఎన్ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ). ఆ నేర్పేవాళ్లలో మొదట ఉండేది తల్లిదండ్రులు. ఈ సంగతి తెలియక చాలామంది అక్కడ స్కూలు సీటు కోసమో మందుల చీటీ కోసమో వెళ్లి, రెండూ దొరకలేదని నిరాశతో తిరిగొస్తారు. దాని చరిత్ర కొంచెం తెలిస్తే ఏం అడగాలో మీకే తెలుస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను తొంభైల మొదట్లో ఈ రంగంలో డిప్లొమా చేశాను. ప్రాక్టికల్స్‌కీ, తర్వాత ట్రైనింగులకీ ఆ ప్రాంగణంలో చాలా కాలం గడిపాను. ఉద్యోగమంతా గోదావరి జిల్లాల్లో స్పెషల్ ఎడ్యుకేటర్‌గానే, అంటే ఇలాంటి పిల్లలకి నేర్పే టీచరుగానే, చేసి రిటైరయ్యాను.

అంతకుముందు ఏముండేది?

మీ పెద్దవాళ్ల మాట పూర్తిగా గాల్లోంచి ఊడిపడలేదు. 1912 నాటి లూనసీ చట్టం బుద్ధి ఎదగనివాళ్లనీ, మతి చలించినవాళ్లనీ ఒకే గాటన కట్టింది. చట్టమే అలా ఉన్నప్పుడు జనం వేరుగా ఎలా అనుకుంటారు? కాస్త ఉన్నవాళ్లు పిల్లాణ్ణి పెరటి గదిలో ఉంచేవారు. లేనివాళ్ల పిల్లలు ఊరంతా తిరిగేవారు, ఎవరో ఒకరు ఇంత అన్నం పెట్టేవారు. మరీ అదుపు తప్పితే హైదరాబాద్‌లో ఎర్రగడ్డకో, విశాఖలో మానసిక ఆసుపత్రికో తీసుకెళ్లేవారు. జబ్బు కాని దానికి అక్కడి డాక్టర్లు మాత్రం ఏం చేయగలరు? బుద్ధిమాంద్యం ఎదుగుదలలో వచ్చే తేడా. దానికి కావలసింది శిక్షణ. 1987లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ఈ రెండింటినీ విడదీసి, బుద్ధిమాంద్యాన్ని (మెంటల్ రిటార్డేషన్‌ని) మానసిక జబ్బు నిర్వచనంలోంచి తీసేసింది. అంటే, మీ పెద్దవాళ్ల చిన్నతనమంతా పాత చట్టం కిందే గడిచింది. వాళ్ల భయాన్ని కొట్టిపారేయకండి. ఒకసారి వాళ్లని వెంట తీసుకెళ్లి ఆ ప్రాంగణం చూపించండి.

ఇలాంటి పిల్లల కోసం ప్రత్యేకంగా బడులు మొదట బొంబాయి, మద్రాసుల్లో వచ్చాయి. బొంబాయిలో జై వకీల్ స్కూలు 1944లోనూ, మద్రాసులో బాల విహార్ 1953లోనూ మొదలయ్యాయి. మన దగ్గర 1968లో హైదరాబాద్‌లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ వైపు వివేకానంద నగర్‌లో ఇప్పటికీ ఉంది. 1977లో డాక్టర్ పి. హనుమంతరావు గారు సికింద్రాబాద్‌లో స్వీకార్ అనే సంస్థ మొదలుపెట్టారు. ఆ దారిలో వెళ్లేవాళ్లకి ఉప్‌కార్ సర్కిల్ అంటే తెలుస్తుంది. వీటి సంగతి మీకెందుకు చెబుతున్నానంటే, ప్రభుత్వ సంస్థ కంటే ముందే స్థానికులు సొంతంగా బడులు పెట్టి నడిపారు. వాళ్లకి అడుగడుగునా ఎదురైన చిక్కు ఒక్కటే: నేర్పడం వచ్చిన టీచర్లు లేరు. మామూలు టీచరు ట్రైనింగ్ అయినవాళ్లు వస్తే, 'అ ఆ' దిద్దించబోయి వారానికే చేతులెత్తేసేవారు. పిల్లాడికి పలక పట్టుకోవడమే రాదు. పలక పట్టుకోవడం ఎలా నేర్పాలో ఆ ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

1984లో ఏం మారింది?

1981ని ఐక్యరాజ్య సమితి వికలాంగుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. ఆ రోజుల్లో కేంద్రం ఒక్కో వైకల్యానికి ఒక్కో జాతీయ సంస్థ ఉండాలన్న ఆలోచనతో నడిచింది. చూపు లేనివాళ్లకి డెహ్రాడూన్‌లో, ఎముకలు కీళ్ల లోపాలున్నవాళ్లకి కలకత్తాలో, వినికిడి లోపం ఉన్నవాళ్లకి బొంబాయిలో సంస్థలు ఏర్పడ్డాయి. బుద్ధిమాంద్యం విషయంలో ఆ సంస్థ మన సికింద్రాబాద్‌కి వచ్చింది. అదే ఎన్ఐఎంహెచ్, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ది మెంటల్లీ హ్యాండికాప్డ్. ఇప్పుడు బోర్డు మీద ఎన్ఐఈపీఐడీ అని ఉంటుంది, ఆటోవాళ్లు మాత్రం ఇంకా పాత పేరే అంటారు. బెంగళూరు నిమ్హాన్స్‌తో దీన్ని కలిపేసుకోకండి. అది మానసిక జబ్బులకీ, నరాల జబ్బులకీ పెట్టిన ఆసుపత్రి. పేర్లు దగ్గరగా ఉండబట్టి రైలెక్కి బెంగళూరు దాకా వెళ్లి తిరిగొచ్చిన కుటుంబాలు నాకు తెలుసు.

ఒక్క సంస్థ దేశంలోని పిల్లలందర్నీ ఎలాగూ చేర్చుకోలేదు. అందుకని మొదటి నుంచీ అక్కడ మూడు పనుల మీద దృష్టి పెట్టారు: మనుషులకి శిక్షణ ఇవ్వడం, పిల్లల్ని అంచనా వేసే పద్ధతులు మన దేశానికి సరిపడేలా తయారు చేయడం, కుటుంబాలకి నేర్పడం. ప్రాంగణంలో ఒక స్పెషల్ స్కూలు ఉంది, నిజమే. కానీ అది నమూనా బడి. ట్రైనింగులో ఉన్నవాళ్లు అక్కడ చూసి నేర్చుకుంటారు.

ట్రైనింగు సంగతి చూడండి. దేశమంతటా స్వచ్ఛంద సంస్థల కేంద్రాల్లో నడిచిన స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమాకి పాఠ్యక్రమం, పరీక్షలు చాలాకాలం ఇక్కడి నుంచే నడిచాయి. తర్వాత 1992లో రీహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం వచ్చాక ఆ బాధ్యత కౌన్సిల్‌కి వెళ్లింది. ఈ రంగంలో పనిచేయాలంటే కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలన్న నియమమూ అప్పుడే వచ్చింది. ఇవాళ కాకినాడలోనో కర్నూలులోనో కరీంనగర్‌లోనో ఒక స్పెషల్ స్కూలు గట్టిగా నడుస్తోందంటే, అందులో ఎవరో ఒకరు ఆ శిక్షణ నుంచి వచ్చినవాళ్లే అయి ఉంటారు. మీరు ఏ ప్రైవేటు సెంటరుకి వెళ్లినా ముందు అడగాల్సిన ప్రశ్న: మా బాబుకి నేర్పే మనిషికి ఆర్‌సీఐ నంబరు (ఆ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు) ఉందా? అడగడానికి మొహమాటపడకండి. సరైన శిక్షణ ఉన్నవాళ్లు ఆ ప్రశ్నకి సంతోషిస్తారు.

ఇక అంచనా పద్ధతుల సంగతి. మీ టెన్షన్ ఎక్కువగా దీని గురించే ఉన్నట్టుంది కాబట్టి కొంచెం ఆగి చెబుతాను.

బినే-కామత్ లాంటి తెలివితేటల పరీక్షలు పెట్టి ఐక్యూ చెబుతారు, సామాజిక పరిపక్వత, అంటే వయసుకి తగ్గట్టు తన పనులు చేసుకోవడం, నలుగురితో మెలగడం ఎంతో చూస్తారు. వైకల్య సర్టిఫికెట్‌కి అవి కావాలి. పాత లెక్క ప్రకారం ఐక్యూ 50-69 మధ్య ఉంటే 50 శాతం వైకల్యం అనీ, 35-49 ఉంటే 75 శాతం అనీ రాసేవారు. కానీ ఆ అంకె మీ బాబుకి రేపు పొద్దున ఏం నేర్పాలో చెప్పదు. ఆ కొరత తీర్చడానికే ఇక్కడి మనస్తత్వవేత్తలు రీటా పేషావరియా, ఎస్. వెంకటేశన్ గార్లు 1992లో బేసిక్-ఎంఆర్ అనే కొలమానం తయారు చేశారు. అందులో మొదటి భాగంలో ఏడు రంగాలు, ఒక్కో దానిలో 40 చొప్పున మొత్తం 280 అంశాలు ఉంటాయి. అన్నీ మన ఇళ్లలో రోజూ జరిగే పనులే. ప్రతి పనికీ అంకె వేస్తారు: తనంతట తాను చేస్తే 5, చిన్న సైగ చేస్తే చాలు చేసేస్తే 4, నోటితో చెబుతూ ఉంటే చేస్తే 3, చెయ్యి పట్టుకుని చేయించాలంటే 2, పూర్తిగా మనమే చేయాల్సి వస్తే 1.

ఈ అంకెల వెనక ఉన్న ఆలోచన తల్లిదండ్రుల చూపునే మార్చేస్తుంది. "మావాడికి ఏమీ రాదండీ" అంటూ వచ్చిన తల్లితో ఒక్కో పనీ అడుగుతూ పోతే, వాడికి గ్లాసు పట్టుకోవడంలో 3, చెప్పులు వేసుకోవడంలో 2, పిలిస్తే తిరిగి చూడడంలో 5 వస్తాయి. 'ఏమీ రాదు' అన్న మాట అక్కడితో ఆగిపోతుంది. 2ని 3 చేయడం ఎలా అన్నదే తర్వాతి పని.

అది ఎలా చేస్తామో ఒక ఉదాహరణ చెబుతాను. మా బడికి ఒక ఆరేళ్ల అబ్బాయి వచ్చేవాడు. లాగు వేసుకోవడం రాదు. వాళ్లమ్మ రోజూ "కాలు పెట్టరా" అని మొదలుపెట్టేది, వాడు మొరాయించేవాడు, బడి టైమవుతోందని చివరికి తనే తొడిగేసేది. మేం ఆ పనిని వెనక నుంచి నేర్పాం. రెండు కాళ్లూ అమ్మే పెట్టి, లాగుని తుంటి దాకా లాగి వదిలేయాలి. ఆఖరి బెత్తెడు మాత్రం వాడు పైకి లాగాలి. లాగగానే "లాగు వేసేసుకున్నాడు నా బంగారం" అని చప్పట్లు కొట్టాలి. అది వచ్చాక తొడల దాకా లాగి వదలాలి. ఆ తర్వాత మోకాళ్ల దాకా, ఆపై పాదాల దాకా. ఇలా చేస్తే ప్రతిసారీ పని పూర్తి చేసింది వాడే అవుతాడు. మొదటి నుంచి నేర్పితే ప్రతిసారీ మధ్యలో ఓడిపోతాడు. వాళ్లమ్మ ఏ దశ దాకా వచ్చాడో గోడ క్యాలెండరు గళ్లలో రాసేది. ఆ కాగితాలు నేను రాసిన రిపోర్టుల కంటే బాగుండేవి.

ఆ సంస్థ ఇలాంటి వాటిని చిన్న చిన్న పుస్తకాలుగా వేసింది. తినడం, పళ్లు తోముకోవడం, దొడ్డికి వెళ్లే అలవాటు, స్నానం, బట్టలు వేసుకోవడం, ఇలా ఒక్కో నైపుణ్యానికి ఒక్కో పుస్తకం. బొమ్మలుంటాయి. అడిగి తెచ్చుకోండి.

కుటుంబాలకి నేర్పడం అన్న మూడో పని నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపిస్తుంది. దూరపు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు కొన్ని రోజులు ఉండి నేర్చుకునేలా ప్రాంగణంలో కాటేజీలు కట్టారు. అక్కడ సాయంత్రాల్లో తల్లులు ఒకరి కష్టం ఒకరికి చెప్పుకునేవారు. నిపుణులు ఇచ్చిన దానికి సమానంగా ఆ కబుర్లూ పనిచేసేవి. తొంభైల మొదట్లో ఈ సంస్థ దేశంలోని తల్లిదండ్రుల సంఘాలన్నిటినీ ఒకచోట చేర్చి సమావేశాలు పెట్టింది. ఆ కలయికల నుంచే తొంభైల మధ్యలో 'పరివార్' అనే జాతీయ సమాఖ్య ఏర్పడింది. మేం పోయాక మా పిల్లల గతేమిటి అని గొంతు కలిపి అడిగింది వాళ్లు. ఆ ఒత్తిడి వల్లే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం సాధ్యమైందని నా నమ్మకం.

ఆ చట్టం గురించి ఇప్పుడే తెలుసుకోండి, బాబు పెద్దయ్యేదాకా ఆగొద్దు. 18 నిండాక తల్లిదండ్రులు చట్టప్రకారం గార్డియన్లుగా ఉండరు. బ్యాంకులో, ఆస్తి కాగితాల దగ్గర అక్కడే చిక్కు వస్తుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు ఆధ్వర్యంలో ఉండే స్థానిక స్థాయి కమిటీకి అర్జీ పెట్టుకుంటే గార్డియన్‌షిప్ ఇస్తారు, కోర్టుల చుట్టూ తిరగనక్కర్లేదు. ఆ ట్రస్ట్ వాళ్లదే నిరామయ అనే ఆరోగ్య బీమా, లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. థెరపీ ఖర్చులకీ ఉపయోగపడుతుంది.

మిగతా చట్టాలు టూకీగా: 1995 వికలాంగుల చట్టం మన పిల్లల్ని వికలాంగులుగా గుర్తించింది కానీ ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వలేదు. 2016 చట్టం వైకల్యాల జాబితాని 7 నుంచి 21కి పెంచి, ఆటిజాన్ని విడిగా చేర్చింది. ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతంలో ఒక శాతం బుద్ధిమాంద్యం, ఆటిజం, ఇంకా కొన్ని వర్గాలకి కలిపి కేటాయించింది.

ఇప్పుడు మీ బాబు సంగతి

మాటలు రాలేదన్నారు కాబట్టి అన్నిటికంటే ముందు వినికిడి పరీక్ష చేయించండి. బుద్ధిమాంద్యం అనుకుని తెచ్చిన పిల్లల్లో చెవుడు బయటపడిన సందర్భాలు నేను చూశాను. ఆ దారి వేరు, చికిత్స వేరు. దీనికి మీరు ఎక్కడికో పోనక్కర్లేదు. అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా మనోవికాస్ నగర్‌లోనే ఉంది. ఆటిజం అనుమానం ఉంటే ఐఎస్ఏఏ అనే 40 అంశాల కొలమానంతో చూస్తారు. దాన్ని తయారు చేసింది కూడా ఈ సంస్థే, ఇప్పుడు దేశమంతా ఆటిజం సర్టిఫికెట్‌కి దాన్నే వాడుతున్నారు. బాబుకి ఆరేళ్ల లోపే కాబట్టి, 2021లో అక్కడ మొదలైన ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ (చిన్న వయసులోనే లోపం గుర్తించి శిక్షణ మొదలుపెట్టే కేంద్రం) గురించి అడగండి. అన్ని రకాల లోపాలకీ ఒకే చోట చూస్తారు.

పొద్దున్నే వెళ్లండి. రద్దీ ఉంటుంది, ఒక్కరోజులో అన్నీ అయిపోకపోవచ్చు. బాబుకి తినడానికి ఏదైనా, వాడికి ఇష్టమైన ఆటవస్తువు ఒకటి పట్టుకెళ్లండి. ఆకలి మీద, నిద్ర మీద ఉన్న పిల్లాడికి పరీక్ష పెడితే వాడికి వచ్చింది కూడా చేయడు. అలా ఉంటే మళ్లీ ఇంకోరోజు పెట్టమని అడిగే హక్కు మీకుంది. అక్కడ దేశం నలుమూలల నుంచి వచ్చిన సిబ్బంది, ట్రైనీలు ఉంటారు. బాబుతో తెలుగులో మాట్లాడేవాళ్లనే కూర్చోబెట్టమని చెప్పండి. ఇంట్లో తెలుగు వినే పిల్లాడికి హిందీలో చెప్పి, మాట వినలేదని రాస్తే అది అన్యాయం.

రిపోర్టు చేతికొచ్చాక "మావాడికి ఎంత శాతం?" అని అడిగి ఊరుకోకండి. "ఈ మూడు నెలల్లో ఇంట్లో మేం ఏ మూడు పనులు నేర్పాలి? ఎలా నేర్పాలో ఒకసారి మా ముందు చేసి చూపించండి" అని అడగండి. ఆ సంస్థ పుట్టిందే ఆ ప్రశ్నకి జవాబివ్వడానికి.

ఒక జాగ్రత్త చెప్పాలి. మందులతో నయం చేస్తామనీ, ఆరు నెలల్లో మామూలు పిల్లాడిలా చేస్తామనీ చెప్పేవాళ్లు మీకు ఎదురవుతారు. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం అలాంటి ఒక సెంటరు మాట నమ్మి అర ఎకరం అమ్ముకుంది. ఆ సెంటరులో పిల్లాడిచేత రోజంతా పూసలు గుచ్చించేవారు, ఇంట్లోవాళ్లని లోపలికి రానిచ్చేవారు కాదు. మూర్ఛలుంటే మందులు వాడాలి, థైరాయిడ్ ఉంటే వాడాలి. అవి డాక్టరు చూసుకుంటారు. బుద్ధి ఎదుగుదలకి మాత్రం మందు లేదు. రోజూ కొంచెం కొంచెంగా నేర్పుకోవాలి. తలుపులు మూసి నేర్పుతామనే చోట బిడ్డని చేర్చకండి.

పెద్దయ్యాక ఏమవుతాడని మీవారు అడిగారని రాశారు. నాలుగేళ్లకే దాని జవాబు ఎవరూ చెప్పలేరు, చెబితే నమ్మకండి. నేను చూసిన ఒకమ్మాయి సంగతి మాత్రం చెబుతాను. ఐక్యూ నలభై లోపే. ఆరేళ్ల వయసులో మా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు మేనమామ కిరాణా కొట్లో చింతపండు, కందిపప్పు ప్యాకెట్లు కడుతుంది. అంకెలు చదవడం రాదు. త్రాసు మీద అరకిలో గీత దగ్గర ఎర్ర టేపు అంటించాం, ముల్లు టేపు మీదికి రాగానే ఆపేస్తుంది. పండగ రోజుల్లో ఆ కొట్లో అందరికంటే ముందుగా వచ్చేది తనే. నెలనెలా జీతం తన పేరున బ్యాంకులో పడాలని పట్టుబట్టింది వాళ్ల తాతయ్య.

చివరిగా, సికింద్రాబాద్ నుంచి తిరిగొచ్చాక పని ఆగిపోకుండా చూసుకోండి. మీరు ఏ మండలంలో ఉంటున్నారో రాయలేదు. రెండు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ప్రత్యేక అవసరాల పిల్లలకి శిక్షణ పొందిన టీచరు ఉంటారు, ఫిజియోథెరపిస్టు కొన్ని రోజులు వస్తారు, కదల్లేని పిల్లల ఇంటికి టీచరే వెళ్తారు. బాబుకి బడి వయసు వచ్చేలోపే మీ మండల విద్యాధికారి ఆఫీసులో అడిగి పేరు నమోదు చేయించండి. నెల్లూరు వైపు వాళ్లయితే అక్కడ ఈ సంస్థకి అనుబంధంగా కాంపోజిట్ రీజినల్ సెంటర్ ఉంది, ప్రతిసారీ సికింద్రాబాద్ దాకా రానక్కర్లేదు. యూడీఐడీ కార్డుకి (వైకల్యం ఉన్నవాళ్ల గుర్తింపు కార్డు) ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టి, మనోవికాస్ నగర్‌లో ఇచ్చిన రిపోర్టు జిరాక్సులు నాలుగు తీసి ఉంచుకోండి. ఒరిజినల్ ఎవరికీ ఇవ్వొద్దు. అసెస్‌మెంట్ అయ్యాక అందులో ఏం రాశారో ఇక్కడ పెడితే, ఇంట్లో ఏ పనితో మొదలుపెట్టాలో చెబుతాను.